బ్లాక్ హిల్స్ సూదిరాళ్ళ మీద మా రెండు రోజులు

నమస్కారమండీ. డెన్వర్ నుంచి దాదాపు 6 గంటలు ప్రయాణించి దక్షిణ డకోటాలోని బ్లాక్ హిల్స్ కొండల్లో ఉన్న కస్టర్ స్టేట్ పార్కుకు రాళ్ళెక్కడానికి వచ్చాము. నా వెనుక కనిపిస్తున్నది సిల్వన్ సరస్సు. దాని చుట్టూ అడవిలోంచి నిలువుగా లేచిన ఈ రాళ్ళను ఇక్కడివారు నీడిల్స్, అంటే సూదులు, అంటారు. నేను భువనగిరి ఖిల్లా కింద పెరిగినదాన్ని కనుక గ్రానైట్ నాకు కొత్త కాదు. అయితే మా గుట్ట ఏనుగు వీపులా నున్నగా ఉంటుంది. సుమారు 170 కోట్ల ఏళ్ళ నాటి ఈ రాతికేమో ఒళ్ళంతా స్ఫటికాలు పొడుచుకొని వచ్చి, చేతికీ కాలికీ పట్టు ఇస్తాయి. వాటిలో కొన్ని విరుగుతాయి కూడా, అందుకే బరువు మోపే ముందు ప్రతిదాన్నీ తట్టి చూస్తున్నాము.

మా వారూ నేనూ కొత్తవాళ్ళమే కాబట్టి 5.5, 5.6 గ్రేడుల రూట్లు, అంటే తేలికైన ఎక్కే దారులు, చాలనుకొని బయలుదేరాము. ఆ లెక్క సగమే సరైనదని మొదటి ఉదయమే మా గైడ్ చెప్పారు. గ్రేడు ఆ దారిలో అన్నింటికన్నా కష్టమైన చోటు ఎంత కష్టమో చెబుతుంది; కాలు జారితే ఎంత దూరం పడతామో చెప్పదు. దాని పక్కన ఆర్ అనే అక్షరం ఉంటే పడినప్పుడు గాయాలు తప్పకపోవచ్చని, ఎక్స్ ఉంటే ప్రాణానికే ముప్పు రావచ్చని అర్థం. తాడు తగిలించుకోవడానికి రాతిలో బిగించిన చివరి బోల్టు 5 మీటర్లు కింద ఉండగా పట్టు తప్పితే, తాడు సాగుదలను పక్కన పెట్టినా 10 మీటర్లు పడతాము.

ఇక్కడ బోల్టులు దూరదూరంగా ఉండడానికి ఒక చరిత్ర ఉంది. 1930లలో ఫ్రిట్జ్ వీస్నర్ అనే పర్వతారోహకుడు, 1940ల చివరి నుంచి హెర్బ్, జాన్ కాన్ దంపతులు ఈ శిఖరాలను కింది నుంచే ఎక్కారు. ఆ సంప్రదాయంలో బోల్టు వేయాలంటే మధ్యలో నిలబడగలిగే చోటు దొరకాలి, అక్కడే చేత్తో రంధ్రం తొలవాలి. చోటు దొరకకపోతే బోల్టు లేకుండానే ముందుకు సాగాలి. (ఆ దంపతులే తరువాత దగ్గరలోని జ్యువెల్ కేవ్ గుహను మైళ్ళకొద్దీ కొలిచారు. ఆదివారం మాల్‌కు వెళ్ళడానికే ఒక మాట మీదకు రాని మాకు ఆశ్చర్యంగానే ఉంది.) బోల్టులకు బదులు బిగించుకునే పరికరాలకు రాతిలో చీలికలు కావాలి, అవీ చాలా రూట్లలో తక్కువే.

కాబట్టి మేము రూటును పై నుంచి కిందికి చదవడం మొదలుపెట్టాము. సూదిరాయికి వెనుక నడక దారి ఉండదు, రాపెల్ చేసే, అంటే తాడు మీద జారుతూనే, దిగాలి. మా 60 మీటర్ల తాడును మడిస్తే 30 మీటర్లే అందుతుంది. శిఖరాన గట్టి యాంకర్, అంటే తాడు వేలాడదీసే ఆధారం, ఉందా, ఆ తాడు నేలను తాకుతుందా, తరువాతే గ్రేడు. ఈ వడపోతలో మా జాబితాలోని ఏడు రూట్లకు రెండే మిగిలాయి. ఒకటి ఎక్కాము. తాడు కొసలకు ముడులు వేసుకొని దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట, పడమర మబ్బు కమ్ముతోంది. వేసవి మధ్యాహ్నాలలో ఇక్కడ పిడుగులు మామూలే కనుక రెండోదాన్ని వదిలేశాము.

సాయంత్రం అమ్మకు వీడియో కాల్ చేస్తే, “గుడి లేని గుట్ట ఎందుకెక్కిన్రే, పైన ఏమున్నది?” అని అడిగింది.

రెండు బోల్టులు, ఒక గొలుసు ఉన్నాయని చెప్పాను.