మీ గొట్టాన్నే అడగండి

శ్రోతలకు నమస్కారం.

ఎయిర్ రైఫిల్‌తో దూరపు టార్గెట్ మీద గురి సాధించాలనుకునేవారు ఎక్కడ కలిసినా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: ఏ పెల్లెట్ కొనమంటారు? పెల్లెట్ అంటే ఆ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండు. నేను పేరు చెప్పను. మీ గొట్టాన్నే, అంటే రైఫిల్ బారెల్‌నే, అడగండి అంటాను. తప్పించుకోవడానికి అనే మాట కాదది. ఒక ఉదయం నాకూ నా మిత్రుడికీ ఎదురైన అనుభవం చెబుతాను, వినండి.

అప్పటికి కొన్నేళ్లుగా నా సాధన అంతా 10 మీటర్ల దూరంలోనే. 1984 నుంచి ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ పోటీ జరిగే దూరం అది. ఆ టార్గెట్ మధ్యలో పది పాయింట్లు ఇచ్చే చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. దానికి వాడేది 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్, బల్లపరుపు తల ఉన్నది. కాగితాన్ని గుండ్రంగా, శుభ్రంగా కోస్తుంది కాబట్టి పాయింట్లు లెక్కపెట్టడం తేలిక. నా డబ్బాలోవి ఒకదాని వెంట ఒకటి ఒకే రంధ్రంలోంచి దూరిపోయేవి. ఇంత చక్కటివి 50 మీటర్లకు మాత్రం ఎందుకు పనికిరావు అనుకున్నాను.

ఆకు కదలని ఒక ఉదయం చూసుకుని ఇద్దరం రేంజికి వెళ్లాం. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి, 50 మీటర్ల టార్గెట్ మీద పది పెల్లెట్లు కాల్చాను. దగ్గరికి వెళ్లి చూసేసరికి గుండె జారిపోయింది. రంధ్రాలు అరచేయంత మేర చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

పెల్లెట్‌ను ఒకసారి వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. నడుము సన్నం. వెనుక భాగం గంటలా బోలు. కాల్చినప్పుడు ఆ పల్చటి అంచు గాలి ఒత్తిడికి విచ్చుకుని గొట్టం గోడను అంటుకుంటుంది. బయటికి వచ్చాక ఆ వెనుక భాగమే షటిల్‌కాక్ ఈకల్లా పనిచేసి, తలను ముందుకు నిలబెడుతుంది. గొట్టం లోపలి మెలికల గాడులు ఇచ్చిన తిరుగుడు దానికి తోడు. బల్లపరుపు తలకు గాలి అడ్డు ఎక్కువ. వేగం త్వరగా పోతుంది, 25 మీటర్లు దాటితే దారి చెదురుతుంది. దూరానికి గుండ్రటి తలే మేలు. మొనదేలిన తల చూడటానికి ముచ్చటగా ఉంటుంది గానీ, మొన సరిగ్గా నడిమధ్యన కూర్చోవాలి, డబ్బాలో నలగకూడదు. నాకు వాటి మీద నమ్మకం కుదరలేదు.

మా సంచిలో గుండ్రటి తల పెల్లెట్ల డబ్బాలు రెండున్నాయి. ఒకటి 8.4 గ్రెయిన్ల బరువుది, అంటే అర గ్రాము పైన. రెండోది 10.3 గ్రెయిన్లది, గ్రాములో మూడింట రెండు వంతులు. ముందు 25 మీటర్ల దగ్గర చూశాం. తేలికవి పదీ చొక్కా గుండీ అంత చోట పడ్డాయి. బరువైనవి కాస్త విడివిడిగా పడ్డాయి. సరే, తేలికవే నావి అని డబ్బా మూత పెట్టబోతుంటే మా మిత్రుడు, "ఆగండి, 50 కూడా చూసి వెళ్దాం" అన్నాడు.

50 దగ్గర ఫలితం తలకిందులైంది. తేలికవి గ్లాసు మూతంత వెడల్పున పరుచుకున్నాయి. బరువైనవి పదింటినీ ఒక సీసా మూతతో కప్పేశాను.

నాకు పట్టరాని సంతోషం. ఆ డబ్బా మిత్రుడి చేతిలో పెట్టి, మీరూ ఇవే వాడండి అన్నాను. అతని రైఫిల్ కూడా అదే కంపెనీది, అదే మోడల్, ఒకే నెలలో కొన్నాం. అతను పది కాల్చాడు. చెల్లాచెదురు. మళ్లీ పది. మళ్లీ చెల్లాచెదురు. చివరికి నేను పక్కన పెట్టిన తేలిక డబ్బా తీసుకుని కాల్చాడు. సీసా మూత!

ఇద్దరం కాసేపు ఆ రెండు కాగితాలనే చూస్తూ నిలబడిపోయాం. తర్వాత డబ్బాలు పంచుకున్నాం.

ఒకే మోడల్ గొట్టాల మధ్య కూడా మిల్లీమీటరులో నూరో వంతు తేడాలు ఉంటాయి. అందుకే కొన్ని డబ్బాల మీద పెల్లెట్ తల కొలత 4.50, 4.51, 4.52 అని వేస్తారు. బొటనవేలితో పెల్లెట్‌ను గొట్టంలోకి నెట్టినప్పుడు ఆ తేడా వేలికే తెలుస్తుంది. ఒకటి జారి పడిపోతుంది, ఇంకొకటి మెత్తగా బిగిసి కూర్చుంటుంది. అవి సీసంవి కాబట్టి నోట్లో పెట్టుకోకండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

50 మీటర్లు కాల్చేవారు 50 మీటర్ల దగ్గరే పరీక్షించాలి. 25 మీటర్ల ఫలితాన్ని రెట్టింపు చేసుకుంటే సరిపోదు. దూరం రెట్టింపైతే పక్కగాలి నెట్టే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. పెల్లెట్‌లో ఉన్న చిన్న ఊగిసలాట కూడా పోనుపోను పెరుగుతుంది. మళ్లీ చెబుతున్నాను, 50 కాల్చేవారు 50 దగ్గరే పరీక్షించాలి. మూడు కాల్చి మురిసిపోవద్దు, పది కాల్చండి. పెల్లెట్ మార్చిన వెంటనే కాల్చిన మొదటి పది, పదిహేను లెక్కలోకి తీసుకోవద్దు. గొట్టం కొత్త పెల్లెట్‌కు అలవాటు పడాలి.

వేగం గురించి ఒక్క మాట. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దానికి దగ్గరగా పోతే పెల్లెట్ గాలిలో తడబడుతుంది. బలమైన రైఫిల్‌లో తేలిక పెల్లెట్ వేసి వేగం చూసుకుని సంబరపడటం నాకు నచ్చదు. వేగం ఎక్కువా తక్కువా అన్నదాని కన్నా ప్రతిసారీ ఒకేలా ఉండటం ముఖ్యం. సెకనుకు 240 మీటర్ల వేగంతో బయల్దేరిన పెల్లెట్ 50 మీటర్లు చేరేలోగా దాదాపు 25 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ వేగంలో నూటికి ఒక పాలు తేడా వస్తే టార్గెట్ మీద అర సెంటీమీటరు తేడా పడుతుంది.

ఇక ఆ డబ్బా సంగతి. రెండేళ్ల తర్వాత అది అయిపోయింది. అదే పేరు, అదే బరువు, అదే తల కొలత చూసి కొత్తది కొన్నాను. పదీ సీసా మూత కిందికి వచ్చే గ్రూపు, అంటే రంధ్రాల గుంపు, మళ్లీ రాలేదు. గొట్టం శుభ్రం చేశాను. గురి చూసే దుర్భిణి, అదే స్కోపు, మరలు బిగించాను. నా కళ్లనే అనుమానించాను. నెల రోజులు ఇదే తంతు. ఒక రాత్రి పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే ఒక్క తేడా కనిపించింది, లాట్ నంబరు, అంటే ఒక విడతలో తయారైన సరుకుకు వేసే నంబరు. అచ్చు అరిగినా, మార్చినా పెల్లెట్ కొద్దిగా మారుతుంది. పోటీలకు వెళ్లేవారు రైఫిల్‌ను బిగించి పెట్టి ఎన్నో లాట్లు పరీక్షించేది ఇందుకే.

మర్నాడే మూడు వేర్వేరు లాట్లవి ఒక్కో డబ్బా తెచ్చాను. 50 మీటర్ల దగ్గర ఒకటి సీసా మూత కిందికి వచ్చింది. ఆ సాయంత్రమే వెళ్లి అదే లాట్‌వి పది డబ్బాలు కొన్నాను. ప్రతి మూత మీదా లాట్ నంబరు, పరీక్షించిన తేదీ, గ్రూపు కొలత రాసుకున్నాను. ఇప్పుడు తొమ్మిదో డబ్బా సగానికి వచ్చింది. ఈ వారంలోనే కొత్త లాట్లు తెచ్చుకుని మళ్లీ ఇసుక సంచి ముందు కూర్చోవాలి.

సెలవు.