‘గర్భసంచి గీకడం’ అనే మాట ఎందుకు మారాలి

నమస్కారం. గర్భం మధ్యలోనే పోయి, లోపల ముక్కలు మిగిలి, రక్తస్రావంతో హన్మకొండలోని నా ఓపీకి వచ్చేవారు తరచుగా అడిగే మాట ఒకటుంది: "మేడం, గర్భసంచి గీకితే మల్ల పిల్లలు కారట గదా?" ఈ భయంతోనే ఇంట్లో ఆగిపోయి, జ్వరం పట్టుకున్నాక వచ్చిన వారిని చూసినప్పుడు నాకు చాలా బాధ కలుగుతుంది.

ఎండాకాలంలో తాటి ముంజ తినే తీరు గుర్తు చేసుకోండి. లేత కాయ కన్నులో బొటనవేలు పెట్టి పీలిస్తే ముంజ జారి నోట్లోకి వస్తుంది. అదే కన్నును కత్తితో గీకితే వగరు పొర, పీచు కూడా లేచి వస్తాయి. గర్భసంచిలో కూడా, ప్రతి నెలా కొత్త పొరను పుట్టించే మూలపొర ఒకటి అడుగున ఉంటుంది. పదునైన క్యూరెట్‌తో, అంటే చెంచా లాంటి గీకే పరికరంతో, గట్టిగా గీకితే అది దెబ్బతిని, లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. జనంలోని భయానికి మూలం ఇదే కనుక, దానిని వట్టి పుకారని నేను కొట్టిపారేయను. అయితే ఆ పద్ధతికి కాలం చెల్లిందని, దాని స్థానంలో పీల్చే పద్ధతినో మందులనో వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది.

ఈ పీల్చే పద్ధతికి కావలసినవి 60 మిల్లీలీటర్ల సిరంజి, మెత్తని ప్లాస్టిక్ గొట్టం. కరెంటుతో పని లేదు. గర్భాశయ ముఖద్వారం పక్కన మత్తు సూది ఇచ్చి చేస్తే సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. ముంజ అయిపోయిన సంగతి పెదవికి తెలిసినట్టే ఇక్కడ చేతికి తెలుస్తుంది: గొట్టంలో గులాబీ రంగు నురగ కనిపిస్తుంది, గోడ గరుకుగా తగులుతుంది, గర్భసంచి ముడుచుకొని గొట్టాన్ని బిగించి పట్టుకుంటుంది.

తర్వాత, వచ్చిన దానిని జాలిలో కడిగి, గాజు గిన్నెలో నీళ్లు పోసి, కింద దీపం పెట్టి చూస్తాము. గర్భానికి చెందిన నూగు నీటిలో నాచులా విచ్చుకుంటుంది. అది కనిపించకపోతే గర్భం గర్భసంచి బయట, అండం వచ్చే ట్యూబులో ఉందేమోనని వెంటనే పరీక్షించాలి. తొందరలో ఈ రెండు నిమిషాల పని వదిలేయడాన్ని నేను ఒప్పుకోను.

సమయం తక్కువ ఉంది కనుక మిగిలినవి త్వరగా చెబుతాను. ముదిరిన ముంజ పీలిస్తే రానట్టే, ఈ సిరంజి సుమారు 12 నుంచి 14 వారాల గర్భం వరకే పనికివస్తుంది. నెగటివ్ గ్రూపు రక్తం ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంటికి వెళ్లాక జ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా, వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసినా వెంటనే రావాలి. ఇక పిల్లల మాటకు వస్తే, రెండు వారాలలోపే మళ్లీ అండం విడుదల కావచ్చు. అందుకే వెంటనే గర్భం వద్దనుకునేవారికి కాపర్ టీ గురించో మాత్రల గురించో అదే రోజు చెప్పి పంపుతాము.