రెండోసారి నడిపితే ఏమవుతుంది? ఆన్సిబుల్ కోడ్‌కి సీఐ పెట్టుకుందాం

(కెమెరా ముందు, మేడ మీద గది)

అందరికీ నమస్కారం. విజయనగరంలో మా ఇంటి మేడ మీద నుంచి రికార్డ్ చేస్తున్నాను, మధ్యలో ఆటో హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి, కిటికీ మూస్తే ఉక్కపోత.

సర్వర్లని సెటప్ చేసే కోడ్ ఉంటుంది కదా, ఆన్సిబుల్ అనే పనిముట్టుకి రాసే రోల్స్ లాంటివి (రోల్ అంటే ఒక పనికి కావాల్సిన టాస్కుల కట్ట), దానికి సీఐ ఎలా పెట్టాలో చూద్దాం. సీఐ అంటే పెద్ద విషయమేం కాదు, మీరు కోడ్ పుష్ చేసిన ప్రతిసారీ ఎక్కడో ఒక కొత్త మిషన్ దానంతటదే లేచి, మీ కోడ్‌ని నడిపి చూసి, బాగుందో లేదో చెప్తుంది. వెబ్‌సైట్ కోడ్‌కి అందరూ పెడతారు. సర్వర్ కోడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "నా లాప్‌టాప్‌లోంచి నడిచింది కదా" అని ఊరుకుంటారు. నేనూ అలాగే ఊరుకున్నాను, తొలేళ్ల రాత్రి దాకా.

తొలేళ్లంటే మా పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ముందురోజు, ఆరోజు మూడు లాంతర్ల దగ్గర జనం ఎలా ఉంటారో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అమ్మవారి గుడి ముందు ఆ జనంలో ఇరుక్కుని ఉన్నాను. నాతో పనిచేసే ఫ్రెండ్ ఫోన్ చేసి, "సైట్ పడిపోయింది, నేనేం ముట్టుకోలేదురా బాబూ, నా ఎస్ఎస్‌హెచ్ కీ ఒకటి చేర్చి ప్లేబుక్ నడిపానంతే" అన్నాడు. ఎస్ఎస్‌హెచ్ కీ అంటే సర్వర్లోకి వెళ్లే తాళంచెవి, ప్లేబుక్ అంటే ఆ రోల్స్‌ని సర్వర్ మీద నడిపే ఫైలు. వాడు చెప్పింది నిజమే. సైట్‌ని నడిపే వెబ్ సర్వర్ ఎన్జినెక్స్, దాని జోలికే వాడు వెళ్లలేదు. తప్పు నాది, అదీ మూడు వారాల ముందు రాసింది.

(స్క్రీన్ మీద పాత టాస్క్)

ఇదిగో, ఇదే. అప్‌లోడ్ సైజు 20 ఎంబీకి పెంచాలని, టెర్మినల్ కమాండ్‌ని ఉన్నదున్నట్టు నడిపే షెల్ మాడ్యూల్‌తో, ఎకో కొట్టి రెండు గ్రేటర్‌ దేన్ గుర్తులతో కాన్ఫిగ్ ఫైల్ చివర ఒక లైను అతికించాను. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ అనే లైను. మొదటిసారి నడిపినప్పుడు ఫైల్లో ఒక లైను, అంతా బాగుంది. రెండోసారి నడిపితే అదే లైను ఇంకోసారి కిందకి చేరుతుంది. ఈ డైరెక్టివ్ (సెట్టింగ్ లైను) ఒకేచోట రెండుసార్లు ఉంటే ఎన్జినెక్స్ ఒప్పుకోదు, "డూప్లికేట్" అని మొరాయిస్తుంది. పైగా షెల్ టాస్క్ ఎప్పుడు నడిచినా ఆన్సిబుల్ దాన్ని "చేంజ్డ్" అనే లెక్కేస్తుంది, కాబట్టి ఏదైనా మారితేనే నడిచే రీస్టార్ట్ హ్యాండ్లర్ కూడా కదిలింది. రీస్టార్ట్ అంటే ముందు ఆపడం, తర్వాత లేపడం. ఆగింది, లేవలేదు.

ఇంటికి చేరి ఆ ఒక్క లైను తీసేయడానికి రెండు నిమిషాలు. జనంలోంచి బయటపడడానికి గంటన్నర.

అందుకే నా లెక్కలో ఇలాంటి కోడ్‌కి అసలు పరీక్ష మొదటిసారి నడవడం కాదు. రెండోసారి నడిపినప్పుడు ఏమీ మారకుండా ఉండాలి. దీన్నే ఐడెంపొటెన్స్ అంటారు, నోరు తిరగకపోతే "చేంజ్డ్ జీరో" అనుకోండి, పని జరిగిపోతుంది.

(టెర్మినల్)

ఇక పనిలోకి దిగుదాం. మూడు పనిముట్లు: ఆన్సిబుల్ లింట్, మాలిక్యూల్, గిట్‌హబ్ యాక్షన్స్ (గిట్‌హబ్ ఇచ్చే సీఐ). గిట్‌ల్యాబ్ వాడేవాళ్లకి ఫైలు రాసే తీరు వేరుగా ఉంటుంది, ఆలోచన ఒకటే.

లింట్ కోడ్‌ని నడపదు, చదువుతుందంతే. పలాస వైపు జీడిపప్పు ఏరేవాళ్లని చూశారా, గుండు ఇటు, బద్ద అటు, చూపుతోనే చకచకా వేరు చేస్తారు. లింట్ కూడా అంతే, చూపుతో ఏరుతుంది, కొరికి చూడదు. కానీ సెకన్లలో అయిపోతుంది కాబట్టి ముందు దీన్నే పెట్టండి.

కొరికి చూసేది మాలిక్యూల్. "మాలిక్యూల్ టెస్ట్" అని కొడితే ఒక డాకర్ కంటైనర్ (మీ మిషన్ లోపలే విడిగా నడిచే చిన్న సర్వర్ లాంటిది) లేపుతుంది, మీ రోల్‌ని దాని మీద నడుపుతుంది, వెంటనే అదే రోల్‌ని మళ్లీ నడుపుతుంది. రెండోసారి ఒక్క టాస్క్ చేంజ్డ్ అన్నా ఫెయిల్, ఏ టాస్క్ వల్ల ఫెయిలైందో పేరుతో సహా చెప్తుంది. తర్వాత వెరిఫై, అంటే మీరు రాసిన తనిఖీలు. చివర్లో కంటైనర్‌ని పడేస్తుంది. నా పాత టాస్క్‌ని దీనికి వేస్తే ఎలా ఉంటుందో చూడండి... ఎర్రగా వచ్చిందా? ఇది మూడు వారాల ముందే చూసి ఉంటే తొలేళ్లు హాయిగా చూసేవాడిని.

ఇక్కడ ఒక దొంగదారి ఉంది, నేనూ అందులో నడిచాను కాబట్టి చెప్తున్నాను. ఆ టాస్క్ కింద "చేంజ్డ్ వెన్ ఫాల్స్", అంటే ఏం చేసినా మారలేదనే లెక్కేయమని రాస్తే లింట్ గొణగడం మానేస్తుంది, రెండోసారి పరీక్ష కూడా పచ్చగా వచ్చేస్తుంది. కానీ ఫైల్లో లైన్లు మాత్రం పెరుగుతూనే ఉంటాయి! ఇంకా ఘోరం ఏంటంటే హ్యాండ్లర్ కదలదు కాబట్టి ఆరోజు ఏమీ కాదు, ఎప్పుడో సర్వర్ రీబూట్ అయిన రోజున ఎన్జినెక్స్ లేవదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. అందుకని వెరిఫైని ఖాళీగా వదలకండి. నాది రెండే తనిఖీలు: "ఎన్జినెక్స్ హైఫన్ టీ" కొడితే కాన్ఫిగ్ సరిగ్గా ఉందని రావాలి, 80వ పోర్టు పలకాలి. వెరిఫై వచ్చేసరికి రోల్ రెండుసార్లు నడిచి ఉంటుంది కాబట్టి దొంగ ఇక్కడ దొరికిపోతాడు.

సరైన మందు ఏంటంటే షెల్ తీసేసి కాపీ మాడ్యూల్‌తో ఫైలు మొత్తం రాయడం. రీస్టార్ట్ బదులు రీలోడ్ పెట్టండి, కాన్ఫిగ్ తప్పుగా ఉంటే ఎన్జినెక్స్ పాతదానితోనే నడుస్తూ ఉంటుంది, సైట్ పడదు.

డాకర్ దగ్గర ఒక తిప్పలు. కంటైనర్ తయారయ్యే మామూలు ఇమేజీల్లో, సర్వీసుల్ని లేపి ఆపే సిస్టమ్‌డీ నడవదు, కాబట్టి సర్వీస్ టాస్క్ దగ్గర ఆగిపోతుంది. మీ కోడ్ తప్పేమో అని సాయంత్రమంతా జుట్టు పీక్కోకండి, సిస్టమ్‌డీ ఉన్న ఇమేజీ వెతుక్కోండి. కంటైనర్‌కి సొంత కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఉండదు కాబట్టి కెర్నెల్ సెట్టింగులు, మాడ్యూళ్లు మార్చే రోల్స్‌కి ఇది పనికిరాదు, వాటికి వర్చువల్ మిషనే దారి.

(గిట్‌హబ్ పేజీ)

ఇవన్నీ లాప్‌టాప్‌లో పచ్చగా వచ్చాకే సీఐ. రిపోలో (గిట్‌హబ్‌లో మీ కోడ్ ఉండే చోటు) వర్క్‌ఫ్లోస్ ఫోల్డర్లో ఒక యామల్ ఫైలు: పుష్‌కీ, మార్పుని కలపమని అడిగే పుల్ రిక్వెస్ట్‌కీ నడవాలి, ఉబుంటు రన్నర్ (గిట్‌హబ్ లేపే మిషన్), పైథాన్, దాని ప్యాకేజీలు దించే పిప్‌తో ఆన్సిబుల్, లింట్, మాలిక్యూల్, దాని డాకర్ ప్లగిన్. ఆ రన్నర్లో డాకర్ ముందే ఉంటుంది. వెర్షన్ నంబర్లు రాసి బిగించండి, లేకపోతే మీరేం చేయకుండానే ఒకరోజు ఎర్రబడుతుంది. పబ్లిక్ రిపోకి ఖర్చు లేదు, ప్రైవేట్ అయితే ఉచిత ఖాతాలో నెలకి 2,000 నిమిషాలు.

వారానికొకసారి దానంతటది నడిచేలా షెడ్యూల్ కూడా పెట్టండి, ఎందుకంటే మీ కోడ్ మారకపోయినా ఉబుంటు ప్యాకేజీలు మారతాయి. గిట్‌హబ్ ఆ టైమ్‌ని మామూలుగా యూటీసీలో లెక్కిస్తుంది, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. ఆదివారం 20:30 అని రాస్తే మనకి సోమవారం తెల్లవారుజామున 2 గంటలు. పబ్లిక్ రిపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే ఈ షెడ్యూల్‌ని ఆపేస్తారు, అది చూసుకోండి.

రిపో లింకు కింద పెట్టాను. "తొలేళ్లు" అనే బ్రాంచిలో నా పాత షెల్ టాస్క్‌ని అలాగే ఉంచాను. దించుకుని, మాలిక్యూల్ టెస్ట్ కొట్టి, ఏ టాస్క్ దగ్గర ఆగిందో కామెంట్లో చెప్పండి.