కొడుకులా, జీతగాళ్లా?

(మహబూబ్‌నగర్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకు, ఒక క్రైస్తవ సంఘంలోని యూత్ మీటింగులో రిటైరైన లెక్కల సారు చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు.

పోయిన ఆదివారం పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "సార్, పిల్లలంతా రిజల్ట్స్ టెన్షన్‌లో ఉన్నారు, నాలుగు ధైర్యం మాటలు చెప్పాలె" అన్నారు. సరేనన్నాను గాని, ఇంటికి పోయే దారిలో నాకే నవ్వొచ్చింది. 30 ఏళ్లకు పైగా పిల్లలకు టెన్షన్ పెట్టడమే నా ఉద్యోగం. లెక్కల సారును కదా.

నా క్లాసులో ఒక పద్ధతి ఉండేది. యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దినాక మార్కుల వరుసలో పేర్చి, పైనుంచి కిందికి పంచేవాణ్ణి. చివరి పేపరు దగ్గరికి వచ్చేసరికి అది ఎవరిదో అందరికీ ముందే తెలిసిపోయేది. పిల్లలు నవ్వేవాళ్లు, నేను ఆపలేదు. పట్టుదల పెరుగుతుందనుకున్నాను. ఆ చివరి పేపరు పిల్లవాడు ఇప్పుడు జడ్చర్ల దగ్గర బైక్ మెకానిక్. రెండేళ్ల కింద నా బండి అక్కడే ఆగిపోతే, గంట సేపు కూర్చుని బాగు చేశాడు, పైసలు తీసుకోలేదు. పోయేటప్పుడు, "సార్, నా పేపరు ఎప్పుడూ ఆఖరుకే ఇచ్చేది మీరు, యాదుందా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. చేతిలో ఉన్న హెల్మెట్ నెత్తికి పెట్టుకోవాలన్న సంగతి కూడా నాకు తోచలేదు.

కాబట్టి ఈ పూట మీకు నీతి చెప్పే అర్హత నాకు లేదు. నేను ఎక్కడ తప్పానో మాత్రం చెప్పగలను.

మా తాత నుంచి మొదలుపెడతాను. ఆయన కాలంలో మన వైపు నిజాం పాలన, ఊళ్లో దొరల పెత్తనం. వెట్టి అనే మాట మీరు పుస్తకాల్లో చదివి ఉంటారు, మా తాత చేశాడు. చెప్పులు కుట్టేవాడు, తోలు బొక్కెనలు కుట్టేవాడు, కూలి అని చేతికి వచ్చేది లేదు. ఆ రోజుల్లో మా వాళ్లను పూర్తి పేరుతో పిలిచేవాళ్లు కాదు. ఎల్లయ్య అయితే ఎల్లిగా, మల్లయ్య అయితే మల్లిగా. ముసలివాడైనా అంతే, దొర ఇంట్లో పదేళ్ల పిల్లవాడు కూడా అట్లాగే పిలిచేవాడు. చేసే పనే మనిషి పేరు. ఆ పనికి విలువ లేదు కాబట్టి మనిషికీ లేదు.

1890లో రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ అనే మిషనరీ నల్గొండకు వచ్చి పని మొదలుపెట్టారు. తర్వాత అమెరికా మెనొనైట్ బ్రదరన్ మిషన్ వాళ్లు నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, జడ్చర్ల వైపు వచ్చారు. ఆ చరిత్రంతా చెప్పబోను, మీకు నిద్రొస్తుంది. మా ఇంట్లో చెప్పుకునేది ఒక్కటే ముచ్చట. బాప్తిస్మం నాడు పాస్టరు సంఘం పుస్తకంలో మా తాత పేరు పూర్తిగా రాసి, పైకి చదివాడట. తాత ఏడ్చాడట. పెట్టింది బైబిలు పేరు. పాత పేరు పోవడం ఒక నష్టం కాదా అని ఇప్పుడు చదువుకున్న వాళ్లు అడుగుతున్నారు, ఆ మాటలో బలముంది. కానీ తాతను కదిలించింది కొత్త పేరు కాదని నాకనిపిస్తుంది. చివర 'గా' లేకుండా ఒక మనిషి తనను పిలవడం. "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను, నీవు నా సొత్తు" అని యెషయా గ్రంథం 43వ అధ్యాయంలో ఉంది. గోడ మీది క్యాలెండరులో ఆ మాట మనకు అలవాటైపోయింది. తాతకు అది కొత్త.

ఇంత జరిగిన ఇంట్లో పుట్టి నేనేం చేశాను? మళ్లీ పనినే పేరు చేశాను. దొర స్థానంలో మార్కులొచ్చాయి, అంతే తేడా. నా బిడ్డకు ఎంసెట్‌లో అనుకున్న ర్యాంకు రాని ఏడాది నేను పెండ్లిళ్లకు పోవడం మానేశాను. ఎవరైనా "బిడ్డకు ఎంతొచ్చింది సార్?" అంటారని. లోపల గదిలో బిడ్డ అన్నం తినకుండా పడుకుంటే, నాకు నా పరువు బాధ. ఆ సంగతి ఆమె కనిపెట్టింది. పిల్లలు కనిపెడతారు.

ఈ సంఘంలో కూడా, ప్రతి జూన్‌లో మంచి మార్కులొచ్చిన పిల్లలను ముందుకు పిలిచి శాలువా కప్పి బైబిలు ఇస్తాం కదా, ఆ కార్యక్రమం మొదలుపెట్టించింది నేనే. ఆ ఆదివారం కొన్ని కుటుంబాలు గుడికి రావు. ఎందుకు రావో ఎన్నో ఏండ్లు నేను ఆలోచించలేదు. ఎండలు ఎక్కువనుకున్నాను.

2019 ఏప్రిల్ మీకు తెలుసు. ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే మన రాష్ట్రంలో 20 మందికి పైగా పిల్లలు ప్రాణం తీసుకున్నారు. మీలో ఎవరికైనా ఈ రోజుల్లో అట్లాంటి ఆలోచన వస్తుంటే, ప్రసంగం అయ్యేదాకా కూడా ఆగొద్దు. పక్కనున్న వాళ్లకు చెప్పండి, నాకు చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసలు అడగరు. నంబరు బోర్డు మీద రాయించాను.

ఇగ వాక్యానికి వస్తాను. లూకా సువార్త 15వ అధ్యాయం, తప్పిపోయిన కుమారుడు. సండే స్కూల్ నుంచి వింటున్నదే. అయితే అందులో లెక్కల సారుకు కనబడే విషయం ఒకటుంది. ఆ ఇంట్లో ఇద్దరు కొడుకులు, ఇద్దరూ మాట్లాడేది జీతం భాష.

చిన్నవాడు ఆస్తి పాడుచేసి, పందుల దగ్గర ఆకలికి మాడి, ఒక మాట తయారు చేసుకుంటాడు. "నాయనా, తప్పు చేసిన, నీ కొడుకు అనిపించుకోవడానికి పనికిరాను. నన్ను నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో." దారి పొడుగునా ఆ మాటనే మననం చేసుకుంటూ వచ్చి ఉంటాడు, మనం వైవాకు పోయేముందు చేసినట్టు. లెక్క బాగానే వేశాడు. కొడుకుగా ఫెయిలయ్యాను, కూలివాడిగానన్నా పాసవుతాను. ఇంటికి వచ్చినాక ఏం జరిగిందో 21వ వచనం జాగ్రత్తగా చదవండి. తప్పు చేసిన అంటాడు, కొడుకు అనిపించుకోను అంటాడు. కూలివాడిగా పెట్టుకో అనే ముక్క మాత్రం అక్కడ లేదు. తండ్రి దాన్ని రానియ్యలేదు. అప్పటికే అంగీ తెండి, ఉంగరం తెండి, చెప్పులు తెండి అని కేకలు పెడుతున్నాడు. చెప్పులు కుట్టినవాని మనవణ్ణి కాబట్టి నాకు ఆ చెప్పుల దగ్గర మనసు ఆగుతుంది. మా తాత కుట్టిన చెప్పులు వేసుకుని దొర వాకిట్లో నడిచే హక్కు మా తాతకే లేదు.

పెద్దవాని సంగతి ఇంకా కష్టం, ఎందుకంటే వాడు ఫస్ట్ బెంచీ. పొద్దుగూకేదాకా పొలంలో ఉన్నాడు, తమ్ముడు తిరిగొచ్చాడని ఇంట్లో విందు, డప్పు చప్పుడు వినబడింది, లోపలికి రానన్నాడు. "ఇన్నేండ్లు నీకు చాకిరీ చేసిన, నీ మాట ఎప్పుడు జవదాటలేదు, ఒక మేకపిల్లనన్న ఇచ్చినవా?" అంటాడు. చాకిరీ అని నేను కావాలనే అన్నాను. గ్రీకులో ఆ మాట బానిసలాగా పనిచేయడాన్ని చెప్పే మాట. మన వైపు మాటలో వెట్టి. సొంత పొలంలో, సొంత తండ్రి దగ్గర వెట్టి చేస్తున్నాననుకున్నాడు ఆ మనిషి. మన ఊళ్లల్లో ఏడాదికింత అని మాట్లాడుకుని ఆసామి ఇంట్లో ఉండేవాణ్ణి జీతగాడు అంటాం. ఉగాదికి లెక్క చూసుకుంటాడు, నచ్చకపోతే ఇల్లు మారతాడు. పెద్దవాడు అట్లాగే లెక్క చూసుకున్నాడు. తండ్రి ఏమంటాడు? తెలుగు బైబిల్లో "కుమారుడా" అని ఉంది, మూలంలో ఉన్న మాట బిడ్డ అనే అర్థమిచ్చేది. మన పాలమూరులో కొడుకునైనా కూతురునైనా "బిడ్డా" అనే అంటాం కదా, సరిగ్గా అదే. బిడ్డా, నువ్వు ఎప్పుడూ నాతోనే ఉన్నవ్, నాదంతా నీదే.

తర్వాత పెద్దవాడు లోపలికి పోయాడా లేదా? యేసు చెప్పలేదు. నేనైతే చాలా ఏండ్లు బయటనే నిలబడి ఉన్నాను.

ఇంకొక ఉపమానం మత్తయి 20లో ఉంది, ద్రాక్షతోట కూలీలది. దాన్ని అమెరికావాళ్ల కంటే మనం బాగా అర్థం చేసుకోగలం. దేశంలో ఎక్కడ డ్యాం కడుతున్నా అక్కడ పాలమూరు కూలీలుండేవాళ్లని పేరు మనది. మేస్త్రీ అడ్వాన్స్ ఇస్తాడు, పెండ్లాం పిల్లలతో సహా లారీ ఎక్కాలి. ఇప్పటికీ పొద్దున ఏడింటికి ఏ టౌనులోనన్నా లేబర్ అడ్డా దగ్గర నిలబడి చూడండి. గట్టిగా ఉన్న పిల్లలను మొదట తీసుకుపోతారు. పది దాటినాక మిగిలేది ముసలివాళ్లు, నడుము పట్టినవాళ్లు, చంకలో పిల్ల ఉన్న తల్లి. ఉపమానంలో సాయంత్రం ఐదింటికి కూడా కొందరు నిలబడే ఉన్నారు. ఊరికే ఎందుకు నిలబడ్డారని యజమాని అడిగితే, "మమ్మల్ని ఎవరూ పనికి పెట్టుకోలేదు" అంటారు. ఆ జవాబులో సోమరితనం ఎక్కడుంది? రోజంతా నిలబడ్డారు. వాళ్లనూ పనికి పిలిచి, పొద్దున్నుంచి చేసినవాళ్లకు ఇచ్చినట్టే వాళ్లకూ ఒక దేనారం ఇచ్చాడు. దేనారమంటే ఆనాడు ఒక రోజు కూలి, అంటే ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలిగేంత. పొద్దున్నుంచి పనిచేసినవాళ్లు గొడవపడ్డారు. నేనూ గొడవపడేవాణ్ణే. లెక్క ప్రకారం అది తప్పే. కానీ ఆ యజమాని కూలివాని గంటలు చూడలేదు, ఆ ఇంటి ఆకలి చూశాడు.

ఇప్పుడు వెనక కూర్చున్న తల్లిదండ్రులకు ఒక అనుమానం వచ్చి ఉంటుంది. సార్ ఇట్ల చెప్తే పిల్లలు చదువుతారా? దేవుడు ఎట్లాగైనా ప్రేమిస్తాడంటే సెల్‌ఫోన్ పట్టుకుని కూర్చుంటారు కదా? న్యాయమైన అనుమానమే. దానికి నా దగ్గర ఒక చిన్న జవాబుంది.

యేసు బాప్తిస్మం తీసుకున్నప్పుడు సుమారు 30 ఏళ్లవాడు. అప్పటికి మత్తయి సువార్తలో ఒక్క అద్భుతం లేదు, ఒక్క ప్రసంగం లేదు. నజరేతులో వడ్రంగి పని. అప్పుడు ఆకాశం నుంచి మాట వచ్చింది: ఈయనే నా ప్రియకుమారుడు. చేసింది ఏమీ లేకముందే. వెంటనే అరణ్యంలో శోధకుడు, అంటే సాతాను, అడిగిన మొదటి మాట ఏమిటి? నువ్వు దేవుని కుమారుడివైతే ఈ రాళ్లను రొట్టెలు చెయ్యి. అంటే, నిరూపించుకో. ఆయన నిరూపించుకోలేదు. ఆ తర్వాత మూడేళ్లు తినడానికి కూడా తీరిక లేనంత పని చేశాడు. కొడుకు అని తెలిసినవాడు పని మానేయలేదు, ఒకరికి చూపించడం కోసం చేయలేదు, అంతే. చదవండి. సప్లిమెంటరీ రాయాల్సిన వాళ్లు రాయండి, లెక్కలు రాకపోతే మా ఇంటికి రండి, ఫీజు లేదు. ఈసారి పేపర్లు వరుసలో పంచను.

ఆఖరికి మా నాయన ముచ్చట చెప్పి ముగిస్తాను. నాయన నాగార్జునసాగర్ కట్టినప్పుడు రాళ్లు మోశాడు. 1955 డిసెంబరులో శంకుస్థాపన, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు. రాతితో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. నేను పుట్టింది ఆ కూలీల గుడిసెల్లోనే. ఆయన పేరు ఏ రాయి మీదా లేదు, ఆయన అడగలేదు కూడా. చుట్టాలొస్తే మాత్రం, "సాగర్ నేను కట్టిన" అనేవాడు, తానొక్కడే కట్టినట్టు.

చివరి రెండేండ్లు మతిమరుపు వచ్చింది. మొదట ఊళ్ల పేర్లు పోయాయి, తర్వాత మనుషులు. డ్యాం ఫోటో చూపిస్తే, "ఏ ఊరిది ఇది?" అనేవాడు. నువ్వు కట్టిందే నాయనా అంటే, "నేనా?" అని నవ్వేవాడు. చేసిన పని పోయింది, దాని మీద ఉన్న గర్వం పోయింది. నేను హెడ్మాస్టరైన సంగతి కూడా పోయింది, దానికి నేను కొంచెం నొచ్చుకున్నానని ఒప్పుకోవాలి.

కొన్ని రోజులు నన్ను మేస్త్రీ అనుకునేవాడు. అన్నం పళ్లెం పట్టుకుని పక్కన కూర్చుంటే, భయం భయంగా చూసి, "సారూ, కూలి ఎప్పుడిస్తవు? పిల్లలు ఉపాసమున్నరు" అనేవాడు. ఆ పిల్లల్లో ఒకణ్ణి నేనే. "నేను మేస్త్రీని కాదు నాయనా, నీ కొడుకును" అనేవాణ్ణి. కాసేపు నా మొహంలోకి చూసి, "అట్లనా" అనేవాడు. నమ్మాడో లేదో తెలియదు. నోరు తెరిచేవాడు, నేను ముద్ద పెట్టేవాణ్ణి.