వాక్యం చెప్పేవాళ్ళు ప్రాక్టీస్ ఎలా చేయాలి?

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. చర్చిలో వాక్యం చెప్పే, అంటే బైబిల్ ప్రసంగం చేసే సేవకుల కోసం ఈ వీడియో. ప్రతి ఆదివారం చెప్తూనే ఉన్నాం కదా, అదే ప్రాక్టీస్ అనుకుంటాం, కానీ సంఘం ముందు నిలబడ్డప్పుడు మన ధ్యాసంతా వాక్యం మీద, వినేవాళ్ళ మీద ఉంటుంది, ఉండాలి కూడా, మాటతీరు సరిచేసుకునే టైమ్ కాదది. అందుకే ఏళ్ళ తరబడి చెప్పినా కొన్ని అలవాట్లు అలాగే ఉండిపోతాయి.

ముందు మీ ప్రసంగం ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. మన గొంతు మనమే వినాలంటే ఇబ్బందిగా ఉంటుంది, అయినా వినండి. ఇంగ్లండ్‌లో పేరున్న ప్రసంగీకుడు స్పర్జన్ గారి ప్రసంగాలు 1855 నుంచి వారం వారం అచ్చయ్యేవి, ఆదివారం చెప్పింది షార్ట్‌హ్యాండ్‌లో రాసిస్తే ఆయన సోమవారం కూర్చుని దిద్దేవారు, అంటే తను అన్న ప్రతి మాటా మళ్ళీ కళ్ళముందుకొచ్చేది. మీరూ ఒక ఐదు నిమిషాల ముక్క ఉన్నదున్నట్టు రాయండి. తర్వాతి పాయింట్ గుర్తురాక ఆగినచోట "స్తోత్రం, హల్లెలూయా" అన్నామా చూడండి, ఇది నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే దేవుణ్ణి స్తుతించే మాట ఖాళీ నింపడానికి వాడకూడదు. అక్కడ ఊరికే ఆగండి, పర్లేదు.

అన్నీ ఒకేసారి వద్దు, ఒక్కటి తీసుకోండి. ఉదాహరణకి ముగింపు. "చివరిగా ఒక మాట" అని మొదలుపెట్టి ఇంకో పావుగంట చెప్తున్నామనుకోండి, విన్నవాళ్ళు ఏం చేయాలో ఒక్క లైన్‌లో రాసుకుని, ఆ చివరి రెండు నిమిషాలే నిలబడి, గొంతెత్తి, నాలుగైదుసార్లు చెప్పండి, ప్రతిసారీ రికార్డ్ విని మళ్ళీ చెప్పండి.

ఇలా చేస్తే పరిశుద్ధాత్మ నడిపింపు ఏమవుతుంది అని కొందరు అడుగుతారు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 4:15 చూడండి, నీ అభివృద్ధి అందరికీ కనబడేలా సాధకం చేసుకోమని పౌలు గారే చెప్పారు. ప్రార్థనా కావాలి, సాధనా కావాలి.

ఇంకొకటి, "ఎలా ఉంది" అని అడగొద్దు, "ఆశీర్వాదకరంగా ఉంది బ్రదర్" అనేస్తారు. బైబిల్లో అపొల్లో అనే బోధకుడు అంత విద్వాంసుడే అయినా, అకుల, ప్రిస్కిల్ల దంపతులు చేర్చుకుని ఇంకా వివరంగా చెప్తే విన్నాడు, అపొస్తలుల కార్యములు 18లో ఉంది. మీకూ అలాంటివాళ్ళు ఇద్దరు కావాలి. రెండ్రోజులాగి "మెయిన్ మాట ఏం గుర్తుంది, ఎక్కడ ధ్యాస తప్పింది" అని అడిగి, వాళ్ళు చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకుని, వచ్చే ప్రసంగం సిద్ధపడేటప్పుడు ఆ పేజీ తెరిచి పక్కన పెట్టుకోండి.