పెరట్లో కోయిల సంసారం

శ్రోతలకు నమస్కారం.

రెండో పంట వరి, మా దాళ్వా, కోతలయ్యాయి, మరమ్మతులకని కాలువలు కట్టేశారు. ఇక జూన్‌లో నీళ్లు వదిలేదాకా మా డెల్టాలో పిట్టలన్నీ పెరళ్ల మీదే పడతాయి.

మా పెరట్లో కొత్తపల్లి కొబ్బరి రకం మామిడి ఒకటి, ఒక సపోటా, గోడవార బొప్పాస. మామిడి గురించి మొదలుపెడితే నాకిచ్చిన టైము దానికే చాలదు. బొప్పాస సంగతే చెబుతాను.

చెట్టున మొదటి కాయ పసుపు తిరిగింది. రేపు కోద్దామనుకున్నాను. తెల్లారి చూస్తే దానికి రూపాయి బిళ్లంత కన్నం. ఇది ఉడుత పనేనని తిట్టుకున్నాను. మర్నాడు కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర కాపు కాశాను.

వచ్చింది ఉడుత కాదు. గోధుమరంగు పిట్ట, ఒళ్లంతా పిండి చిలకరించినట్టు తెల్లటి చుక్కలు, తోక మీద అడ్డచారలు. డేగేమో అనుకున్నాను. తల తిప్పింది, ఎర్రటి కన్ను. కన్నంలోకి మెడదాకా తల దూర్చి, గుజ్జు మింగి, ముక్కు కాడకేసి తుడుచుకుంటోంది. ఇంతలో కొబ్బరిమట్ట మీంచి 'కూ...' అని ఇంకొకటి. అది నల్లగా నిగనిగలాడుతోంది. దాని కన్నూ ఎరుపే.

అప్పుడు వెలిగింది. రెండూ కోయిలలే! పాడేది మగది, తినేది ఆడది. ఇన్నాళ్లూ నేను కోయిలమ్మ, కోయిలమ్మ అంటున్నది ఆయన్ని! అసలు కోయిలమ్మ పాడదు, కిక్ కిక్ కిక్ అని అరుస్తుందంతే. గూడు కట్టే పనీ పెట్టుకోదు, గుడ్లు కాకి గూట్లో పెట్టేస్తుంది. మా మామిడి మీది కాకి ఆ జంటను ఎందుకు తరుముతోందో కూడా అప్పుడే అర్థమైంది.

మీరు చేయాల్సింది ఒక్కటే. పిట్టలు తాగడానికి నీడలో ఒక మట్టి మూకుడుతో నీళ్లు పెట్టండి. లోతు వద్దు. మధ్యలో ఒక రాయి వేయండి, తేనెటీగలు వాలి తాగుతాయి, మునిగిపోవు. పిల్లి నక్కే పొదల పక్కన మాత్రం పెట్టకండి. నీళ్లు రోజూ పారబోసి మార్చండి. రోజూ అంటే రోజూ, లేకపోతే దోమల్ని పెంచినవాళ్లమవుతాం.

ఈ పొద్దున చూస్తే ఆ పండు తొక్క మాత్రమే వేలాడుతోంది. దాని పక్క కాయ పసుపు తిరుగుతోంది. మా అత్తయ్య చిక్కం కర్ర తెచ్చి గోడకు ఆనించింది. "అమ్మాయ్, ఇది మాత్రం నాదే" అంది.