చెయ్యి చివర రావాలి

(నెల్లూరులో వేసవి టేబుల్ టెన్నిస్ శిక్షణకు వచ్చిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు ఇచ్చారు కాబట్టి మాట్లాడుతున్నాను గానీ, నాకు దీనికన్నా బంతులు అందించడమే తేలిక.

నిన్న సాయంత్రం గేటు దగ్గర ఒకమ్మ నన్ను ఆపింది. "అబ్బయా, మావాడు చేరి నాలుగు రోజులయింది. బంతి ఇవ్వకుండా గాల్లో బ్యాటు ఊపిస్తా ఉండారు. ఫీజు కట్టింది ఇందుకేనా?" అనింది. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇవాళ ఫోర్‌హ్యాండ్, అంటే బ్యాటు పట్టిన చేతివైపు వచ్చిన బంతిని కొట్టే దెబ్బ, ఆ ఒక్కదాని గురించే చెబుతాను.

ఈసారి మైపాడు బీచికి పోయినప్పుడు నీళ్లలో దిగేముందు కాసేపు విసురు వల వేసేవాళ్లను చూడండి. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచి నిలబడతారు. నడుము పక్కకి తిప్పుతారు, బరువంతా వెనక కాలి మీదికి పోతుంది. ఆ కాలితో నేలను తన్నగానే నడుము ముందుకు తిరుగుతుంది, దాని వెనక భుజం, అన్నిటికీ చివర చెయ్యి. వల గొడుగులా విచ్చుకుంటుంది. ఒట్టి చేతిబలంతో విసిరితే ముద్దగా పడుతుంది.

ఫోర్‌హ్యాండ్ కూడా అంతే. కుడిచేతివాళ్లయితే కుడికాలు కాస్త వెనక్కి. నడుము తిరిగితే బ్యాటు దానంతటదే వెనక్కి పోతుంది, చేత్తో లాగాల్సిన పని లేదు. బంతి ఎగిరి పైకి వచ్చినచోట, మీ ఒంటికి ముందు తగలాలి. పక్కకి వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. కొట్టాక బ్యాటు నుదుటి ముందు ఆగాలి. ఎడమ భుజం దాటిపోయిందంటే తర్వాతి బంతి మీకు అందదు. అవతలివాడు మీకోసం ఆగడు కదా!

ఈ వరుస ఒంటికి పట్టాలంటే మొదట్లో బంతి ఉండకూడదు. బంతి కనపడితే పిల్లల కళ్లన్నీ దానిమీదే, చెయ్యి ఉరుకుతుంది, నడుము మర్చిపోతారు. అమ్మా, గాల్లో ఊపించేది ఇందుకే.

ఇది నాకెట్లా తెలుసంటే, తప్పు నేర్చుకున్నవాణ్ణి నేనే. మా రోజుల్లో బంతి 38 మిల్లీమీటర్లు. ఒట్టి చేత్తో, మణికట్టుతో బాదేవాణ్ణి, పాయింట్లు వచ్చేవి. 2000లో బంతిని 40కి పెంచారు. పెద్ద బంతికి గాలి అడ్డం ఎక్కువ, వేగం తగ్గింది, తిరగడమూ తగ్గింది. నేను గెలిచాననుకున్న బంతులు తిరిగి రావడం మొదలైంది. ఇంకా గట్టిగా కొట్టాను. భుజం పట్టేసింది. 2.7 గ్రాముల బంతి కోసం భుజం పోగొట్టుకున్నానంటే ఇంట్లోవాళ్లు నవ్వారు. పాత అలవాటు వదలడానికి రెండేళ్లు పట్టింది. 2014 నుంచి ప్లాస్టిక్ బంతులొచ్చాయి, తిరగడం ఇంకా తగ్గింది, ఇప్పుడు ఒంటిని వాడకపోతే అసలు కుదరదు.

మన దేశపు టేబుల్ టెన్నిస్ ఆటగాడు శరత్ కమల్ మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం గెలిచింది 2006లో. మళ్లీ బర్మింగ్‌హామ్‌లో గెలిచింది 2022లో, బంతి మారాక, నలభై ఏళ్ల వయసులో. అక్కడే మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కూడా గెలిచాడు. ఆయన వీడియోలు నెమ్మదిగా పెట్టుకొని చూడండి, బంతిని కాదు, నడుమును.

ఇక పిల్లలు ఎక్కువగా అడిగేది: "సార్, కౌంటర్ బాగా పడుతోంది, అవతలివాడు పుష్ చేస్తే మాత్రం నెట్‌కి పోతోంది." కౌంటర్ అంటే వేగంగా వచ్చిన బంతిని అదే వేగంతో తిరిగి కొట్టడం. పుష్ అంటే బ్యాటుని బంతి కిందనుంచి పోనిచ్చి మెల్లగా నెట్టడం. ఆ పుష్ బంతి వెనక్కి తిరుగుతూ వస్తుంది, మన బ్యాటు మీది రబ్బరుకి తగలగానే కిందికి దిగుతుంది. దాన్ని ముందుకి నెట్టకూడదు. మోకాళ్లు ఇంకా వంచి, బ్యాటు మోకాలి ఎత్తునుంచి మొదలుపెట్టి, బంతి వీపును పైకి రాసినట్టు లాగాలి. అది టాప్‌స్పిన్. నెట్ ఎత్తు 15.25 సెంటీమీటర్లే, దానికి జానెడు పైనుంచి పోయినా భయం లేదు, తిరిగే బంతి బల్లమీదికి వంగి దిగుతుంది. అదే అవతలివాడు టాప్‌స్పిన్ కొడితే బ్యాటు ముఖం కిందికి వంచి, ముందుకి పోవాలి. పైకి లాగితే బల్ల దాటి గోడకే.

పట్టు గురించి ఒక్క మాట. వేళ్ల గోళ్లు తెల్లబడితే గట్టిగా పట్టుకున్నట్టే. తగిలే క్షణంలో బిగిస్తే చాలు.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది, సముద్రపు తేమ. వానాకాలమైతే చెప్పక్కర్లేదు. తడి రబ్బరు మీద బంతి జారుతుంది, పిల్లలేమో తమ స్ట్రోక్ చెడిందనుకుంటారు. రబ్బరుని ముందు తుడిచి చూడండి. చొక్కాకి తుడవొద్దు, దాంట్లో చెమటే ఉంటుంది. ఆడేటప్పుడు పైన ఫ్యాన్ వద్దు, గాలికి బంతి పక్కకి పోతుంది, ఉక్కపోసినా సరే.

సరే, ఫ్యాన్లు ఆపండి. బ్యాట్లు పక్కన పెట్టి అందరూ లేవండి. కుడికాలు వెనక్కి. నిన్న గేటు దగ్గర అడిగినమ్మా, మీరు కూడా రండి.